పక్కింటి తగాదాకి పెద్దమనిషిగా ఎవరిని పెట్టుకోవాలి?

ఎదురింటివాళ్ళు రోజూ మీ గేటుకి అడ్డంగా కారు పెడుతున్నారు, అడిగితే పోట్లాటవుతోంది, కాలనీ పెద్దల దగ్గర పెట్టాలా, కోర్టుకి వెళ్ళాలా అని అడిగారు. నన్నడిగితే కోర్టూ వద్దు, కాలనీ పెద్దలూ వద్దు. మీ ఇద్దరికీ రేపు ఎవరితో పని పడుతుందో ఆ మనిషిని పట్టుకోండి. ఎందుకో మా బాబాయి సంగతి వింటే తెలుస్తుంది.

తెనాలి వైపు ఆయనకి కొద్దిగా మాగాణి ఉంది. బోదె (పొలాలకి నీళ్ళు తెచ్చే పిల్లకాలువ) నీళ్ళు ముందు ఆయన చేనుకి వస్తాయి, తర్వాతే పక్క చేనుకి. డొంక (పొలాలకి పోయే బండి దారి) మీంచి వస్తే మాత్రం పక్క చేను ముందు, బాబాయిది లోపల. నీళ్ళు ఈయన చేతిలో, దారి ఆయన చేతిలో. పక్క చేను చేసేది కౌలు రైతు, భూమిగలాయన హైదరాబాద్‌లో ఉంటాడు.

2023లో కృష్ణకి నీళ్ళు తక్కువ. నాట్లప్పుడు మా బాబాయి మడవ (పక్క చేనుకి నీళ్ళు పోయే గండి) వదల్లేదు. తన చేను నిండాక కూడా కట్టే ఉంచాడు. ఆయన మా బాబాయే అయినా అది తప్పే. దాంతో పక్క చేలో నాట్లు ఆలస్యమయ్యాయి. నవంబర్ ఆఖరుకి బాబాయి చేను కోతకొచ్చింది, పక్కది ఇంకా పచ్చిగానే ఉంది. కోత మిషన్ లోపలికి పోవాలంటే ఆ పచ్చి చేను తొక్కుకుంటూ పోవాలి. "నా చేలో మిషన్ చైన్ పడితే ఊరుకోను" అని ఆయన డొంక మీద నిలబడ్డాడు.

రామాలయం అరుగు మీద పంచాయితీ పెట్టారు. బాబాయి వైపు ఒక పార్టీ వాళ్ళు, అటు వైపు ఇంకో పార్టీ వాళ్ళు. ఈ రోజుల్లో ఊళ్ళో పంది గోడ కూల్చినా పార్టీ సంగతైపోతోంది. పైగా ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లలో వీడియో తీస్తున్నారు. కెమెరా ఉన్నాక ఎవరు తగ్గుతారు? ఎదుటివాడికి చెప్పాల్సిన మాట కూడా ఊరందరికీ వినపడేట్టు చెప్తారు. పెద్దమనుషులు ముందు ఇద్దరి దగ్గరా ధరావతు కట్టించుకున్నారు (ఆ డబ్బు తిరిగి రావడం మాత్రం మా ఇంట్లో ఎవరూ చూడలేదు). తర్వాత ఆ కౌలు రైతుని అడిగిన మొదటి ప్రశ్న: "పొలం కాగితం నీ పేరున ఉందా?" ఆయన తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. పంచాయితీ అక్కడితో సరి.

సాగునీటి తగాదాలకి ఒక సంఘం కూడా ఉంది లెండి. 1997లో వచ్చిన రైతుల సాగునీటి యాజమాన్య చట్టం ప్రకారం సభ్యుల మధ్య నీటి తగాదాలు తీర్చడం నీటి వినియోగదారుల సంఘం పనుల్లో ఒకటి. మా దగ్గర సంఘం అధ్యక్షుడు కూడా ఆ అరుగు మీదే ఒక పార్టీ పక్కన కూర్చున్నాడు. ఇంక ఏం తీరుస్తాడు?

ఇంతలో తుపాను కబురు. మిచాంగ్ అని పేరు, అది డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు వారమంతా కోత మిషన్లకి ఎంత గిరాకీయో చెప్పనక్కర్లేదు. మా వైపు తిరిగే మిషన్ ఆయనకి చదువు లేదు, కులబలం లేదు, అరుగు మీద కూర్చోమని ఎవరూ పిలవరు కూడా. ఆయన డొంక మీద ఇంజన్ ఆపి ఇద్దరికీ ఫోన్ చేశాడు. "రెండు చేలూ ఒకే ముక్కగా కోస్తా. కాదంటే రెండూ కొయ్యను, అవతల నాకు నలుగురు రైతులు కాచుకుని ఉన్నారు."

ఇద్దరూ వచ్చారు. ఆయన వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టలేదు. ముందు పక్కాయనతో బోదె గట్టు మీద మాట్లాడాడు, తర్వాత బాబాయితో మిషన్ పక్కన. అప్పుడు బయటపడింది అసలు సంగతి. నాట్లప్పుడు మా బాబాయి "కౌలుకి చేసేవాడివి, నీకు బోదె మీద మాటేంటి" అన్నాడట. నీళ్ళు రాలేదని కాదు, ఆ మాటకి ఆయన నాలుగు నెలలు రగిలిపోయాడు. అరుగు మీద పెద్దలు కూడా అదే మాట ఇంకో రకంగా అడిగారన్నమాట!

అరగంటలో తేలిపోయింది. పచ్చి చేను కూడా ఇప్పుడే కోస్తారు, తుపానుకి పడిపోయేదానికన్నా అదే నయం. గింజ తాలుగా పోయినందుకు ఆ చేను మిషన్ కిరాయి బాబాయి ఇస్తాడు. వచ్చే సార్వా (వానాకాలం పంట) నుంచి మడవ ఒకరోజు ఇటు, ఒకరోజు అటు. మిషన్ ఆయన బిల్లు పుస్తకం వెనక అట్ట మీద రాశారు. పక్కాయన భార్య "మా ఇద్దరి సంతకాలు కూడా పడాలి" అని పట్టుబట్టి మా పిన్ని చేత కూడా పెట్టించింది. ఆ ఒప్పందం నిలిచిందంటే ఆ రెండు సంతకాల వల్లేనని నా నమ్మకం. మగాళ్ళు మాట మర్చిపోతే ఇంట్లో గుర్తు చేసేవాళ్ళు ఉన్నారు కదా.

మిషన్ ఆయన మాట ఎందుకు చెల్లింది? వచ్చే ఏడూ ఇద్దరికీ ఆయనే కొయ్యాలి. ఆయనకీ రెండు చేల కిరాయీ కావాలి. ఎవరో ఒకరి పక్షం పట్టే వీలు ఆయనకి లేదు.

చట్టం సంగతి కూడా అడిగారు. కేసు వెయ్యకుండానే మండల న్యాయ సేవాధికార కమిటీలో కాగితం పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని లోక్ అదాలత్‌లో రాజీ పడితే 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో (అమలు చేయించుకోగల తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఇరుగుపొరుగు తగాదాలకి ముగ్గురు మధ్యవర్తుల పద్ధతి రాశారు గానీ, అలా కుదిరిన ఒప్పందాన్ని డిక్రీలా అమలు చేయించుకోవడం కుదరదు. అందుకే మాట నిలబెట్టే మనిషి మధ్యలో ఉండాలంటున్నాను. భార్యని కొట్టడం, కులాంతర పెళ్ళి లాంటివి మాత్రం ఏ పెద్దమనిషి దగ్గరికీ తీసుకెళ్ళకండి. ఇష్టపడి చేసుకునే పెళ్ళిళ్ళని పెద్దల పంచాయితీలు అడ్డుకోవడం చట్టవిరుద్ధమని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక మీ కారు సంగతి. మీ వీధిలో ఇద్దరిళ్ళకీ నీళ్ళ ట్యాంకర్ తెచ్చేదెవరు? కారు అడ్డముంటే ముందు ఇబ్బంది పడేది అతనే. అతన్ని పిలిచి, ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడమనండి. కాగితం మీద "ఇకపై సఖ్యతగా మెలుగుతాము" లాంటివి రాయకండి. గేటుకి ఎన్ని అడుగులు వదలాలో, చుట్టాలొచ్చిన రోజు కారు ఎక్కడ పెట్టుకోవాలో రాసి, రెండిళ్ళ ఆడవాళ్ళ చేతా సంతకం పెట్టించండి.