పేలాలు వేయిస్తారా, పేలుస్తారా?

సందేహం: మైక్రోవేవ్‌లు ఇళ్ళలోకి రాకముందు మా వంటింట్లో చేసుకున్న చిరుతిళ్ళ గురించి ఒక వ్యాసం రాశాను. అందులో “సాయంత్రం పూట అమ్మ మొక్కజొన్న పేలాలు వేయించేది. పేలాలు పేలాక మూత తీసి ఉప్పు, కారం చల్లేది” అని రెండు వాక్యాలున్నాయి. చదివిన మిత్రులొకరు “వేయించేది గింజల్ని. పేలాలు వాటి నుంచి వచ్చేవి. పేలాలను వేయించడం అర్థం లేని మాట. గింజలు పేల్చేది అనండి, లేకపోతే పాప్‌కార్న్ చేసేది అనండి” అన్నారు. ఏది సరైనది? మరమరాలను కూడా పేలాలు అనవచ్చా?

సమాధానం: మీ మొదటి వాక్యం నిక్షేపంగా ఉంది, ఒక్క అక్షరం కూడా మార్చకండి. రెండో వాక్యం సంగతి చివర చెబుతాను.

మీ మిత్రుల అభ్యంతరం పైకి సబబుగానే కనిపిస్తుంది. బాణలిలో పోసేవి గింజలే, వేగేవీ గింజలే, పేలాలు తయారయ్యేసరికి వేయించే పని అయిపోతుంది. కానీ ఈ లెక్కన మనం అన్నం వండలేం, ఎందుకంటే వండేది బియ్యాన్ని. బావి తవ్వలేం, తవ్వేది నేలను. నూలు వడకలేం, వడికేది దూదిని. పిండి విసరడం, గానుగలో నూనె ఆడించడం, గోడ కట్టడం అన్నీ తప్పులే అవుతాయి. పని మొదలుపెట్టినప్పుడు లేని వస్తువును ఆ పనికి కర్మగా చెప్పడం తెలుగులో నిత్యం జరిగేదే. పని దేనికోసమో దాని పేరే ముందుగా చెబుతాం.

ఈ ప్రశ్న చాలా పాతది. కర్మకారకాన్ని నిర్వచించే పాణిని సంస్కృత వ్యాకరణ సూత్రం దగ్గర పతంజలి, ఆ సూత్రాలకు వ్యాఖ్యానమైన మహాభాష్యంలో దీన్నే ఎత్తుకున్నాడు. ‘అన్నం వండుతున్నాడు’ అనే మాట ఎలా పొసగుతుంది? అన్నాన్నే వండితే దాని నుంచి మరో పదార్థం ఏదో తయారు కావాలి కదా? ఆయన చెప్పిన సమాధానం సూటిగా ఉంటుంది: అన్నం కోసం ఉద్దేశించిన బియ్యాన్నే ఇక్కడ అన్నం అంటున్నాం, కాబట్టి దోషం లేదు. తర్వాతి కాలంలో భర్తృహరి వాక్యపదీయమనే వ్యాకరణ గ్రంథంలో కర్మను నిర్వర్త్యం, వికార్యం, ప్రాప్యం అని విడదీశాడు. క్రియ వల్ల కొత్తగా ఏర్పడేది నిర్వర్త్యం, ఉన్నది మారితే వికార్యం, ఏ మార్పూ లేకుండా క్రియ కేవలం చేరుకునేది ప్రాప్యం. ‘అమ్మ గింజలు వేయించింది’ అంటే గింజలు వికార్యం. ‘అమ్మ పేలాలు వేయించింది’ అంటే పేలాలు నిర్వర్త్యం. రెండూ కర్మలే, రెండూ సరైన ప్రయోగాలే. మీరు జ్ఞాపకం చేసుకుంటున్నది తిన్న పేలాలను కాబట్టి రెండోదే మీ వ్యాసానికి తగింది.

ఇక జనం నోట ఉన్న సాక్ష్యం. జ్వరం బాగా కాస్తుంటే ఒంటి మీద పేలాలు వేగేట్టున్నాయి అంటాం. గింజలు వేగేట్టున్నాయని ఎవరూ అనరు. పేలాలకు వేగడమనే క్రియ ఎంతగా అతుక్కుపోయిందో ఈ ఒక్క నుడికారం చెబుతుంది.

‘పేల్చు’ మాటకొస్తే, అది వ్యాకరణానికి విరుద్ధమేమీ కాదు. కాలు నుంచి కాల్చు, మారు నుంచి మార్చు, కూలు నుంచి కూల్చు వచ్చినట్లే పేలు నుంచి పేల్చు వచ్చింది. తుపాకి పేలుస్తాం, టపాకాయలు పేలుస్తాం. వంటింటి పనికి మాత్రం అది నాకు రుచించదు, దానికి కారణం గింజలోనే ఉంది. పేలాలకు పనికొచ్చే మొక్కజొన్న గింజలో సుమారు 14 శాతం తేమ ఉంటుంది, పైపొర గట్టిగా, ఆవిరి బయటికి పోనీయకుండా ఉంటుంది. గింజ వేడెక్కుతున్నకొద్దీ లోపలి నీరు ఆవిరి కావాలని చూస్తుంది, దారి దొరకక ఒత్తిడి పెరుగుతుంది, పిండిపదార్థం మెత్తబడి జావలా మారుతుంది. దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలి ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్ల వరకూ చేరుతుంది. అప్పుడు పొర పగులుతుంది, మెత్తబడ్డ పిండి ఒక్కసారిగా నురగలా పొంగి, అంతలోనే చల్లారి గట్టిపడుతుంది. అంటే వేయించడం మనిషి పని, పేలడం గింజ పని. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి చేయగలిగింది సెగ అందించడం, కదుపుతూ ఉండడం, మాడకముందే దించడం. ఆ ఓపిక అంతా ‘వేయించు’లో ఉంది. ‘పేల్చు’ అంటే అది కనబడకుండా పోతుంది.

అప్పటి పద్ధతిని గుర్తు చేసుకుంటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మందపాటి బాణలిలో గానీ, వెయిట్ పెట్టని కుక్కర్‌లో గానీ కాస్త నూనె పోసి, చిటికెడు పసుపు వేసి, ముందు రెండు మూడు గింజలు వేసి చూసేవారు. అవి పేలితే సెగ సరిపోయిందని మిగతావి పోసేవారు. అడుగున ఒక్క వరుసకు మించి పోయకూడదు. మూత పూర్తిగా బిగిస్తే ఆవిరి లోపలే నిలిచి పేలాలు మెత్తబడతాయి కాబట్టి ఒక పక్క చిన్న సందు ఉంచేవారు. మొదట ఒకటీ అరా టప్పుమంటాయి, తర్వాత గుక్క తిప్పుకోనీయకుండా టపటపలాడతాయి, మళ్ళీ పలచబడతాయి. రెండు చప్పుళ్ళ మధ్య రెండు మూడు సెకన్ల వ్యవధి వచ్చిందంటే దించేయాలి. చెవితో చేసే వంట ఇది. ఇంట్లో ఉన్న మామూలు మొక్కజొన్న గింజలు పోసి అన్నీ పేలలేదని నిరాశపడినవారూ ఉంటారు. పైపొర గట్టిగా ఉండే చిన్న గింజల రకం వేరే ఉంది, అదే బాగా విచ్చుకుంటుంది.

జొన్న పేలాల దారి వేరు. వాటికి నూనె అక్కర్లేదు. జొన్నలను కాసేపు వేడినీళ్ళలో ఉంచి, వడగట్టి, ఆరబెట్టి, బాగా కాగిన పాత్రలో కొద్దికొద్దిగా వేసి గుడ్డతో కలియతిప్పుతారు. గింజకు తేమ అందించడానికే ఆ నీళ్ళు. పూర్వం ఇందుకు మంగలం వాడేవారు. మంగలమంటే గింజలు వేయించడానికి పనికొచ్చే కుండపెంకు. ఈ మాట ఇప్పుడు నిఘంటువుల్లోకి వెళ్ళిపోతోంది, మీ వ్యాసంలో చోటుంటే వాడండి, నాకు చాలా సంతోషంగా ఉంటుంది. తొలి ఏకాదశికి జొన్న పేలాలు దంచి, బెల్లం, యాలకులు కలిపి చేసే పేలపిండి రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ ఉంది. మొక్కజొన్న అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. అది ఇక్కడికి చేరేసరికే జొన్న పేలాలు, వరి పేలాలు ఉన్నాయి కాబట్టి కొత్త గింజ పాత పేరే పెట్టుకుంది. తెలంగాణలో మక్క పేలాలన్నా, ఆంధ్రలో మొక్కజొన్న పేలాలన్నా అది పాప్‌కార్న్‌కు ఎవరో కూర్చుని చేసిన అనువాదం కాదు. పాప్‌కార్న్ అనే మాట మీద నాకు పేచీ లేదు, సినిమా హాలులో అదే సహజం. అమ్మ వంటింట్లో మాత్రం పేలాలే ఉండనివ్వండి.

మీ మిత్రుల చెవికి ‘వేయించు’ ఎందుకు తేడాగా తోచిందో ఊహించగలను. మైక్రోవేవ్‌లో బాణలి లేదు, కదపడం లేదు, తరంగాలు గింజలోని నీటినే నేరుగా వేడి చేస్తాయి. 1940లలో, మైక్రోవేవ్ ఒవెన్‌ను కనిపెట్టిన అమెరికన్ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ ఆ తరంగాల శక్తిని పరీక్షిస్తూ మొక్కజొన్న గింజలు పేల్చి చూశాడు. చూశారా, ఇక్కడ ‘పేల్చి’ అనే మాట చక్కగా అమరింది, ఎందుకంటే పేలుతాయా లేదా అన్నదే ఆయన పరీక్ష. మైక్రోవేవ్‌తో చేసినప్పుడు పేల్చామన్నా, చేశామన్నా నేను ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో పొయ్యి మీద చేసినదానికి ఆ క్రియను వెనక్కి తీసుకెళ్ళకూడదు.

మరమరాల విషయం. జాతరల్లో పుట్నాలతో కలిపి అమ్మే పేలాలు చాలాచోట్ల మరమరాలే కాబట్టి ఆ వాడుకను తప్పనను. అయితే వంట గురించి రాసేటప్పుడు తేడా పాటించడం మంచిది. ఉప్పుడు బియ్యాన్ని వేడి ఇసుకలో వేయిస్తే ఉబ్బేవి మరమరాలు, రాయలసీమవారి బొరుగులు. పొట్టుతో ఉన్న వడ్లను వేయిస్తే పొట్టు చీలి విచ్చుకునేవి వరి పేలాలు. పెళ్ళిలో లాజహోమానికి వధువు దోసిట్లో సోదరుడు పోసేవి ఈ రెండోవే. సంస్కృతంలో వీటి పేరు లాజలు. ఈ అర్థంలో ఆ మాట బహువచనంలోనే ఉంటుందని సంస్కృత నిఘంటువు అమరకోశం చెబుతుంది. తెలుగులో పేలాలూ అంతే, వడ్లు, పెసలు, కందులు లాగా బహువచనంలోనే వాడతాం. ‘పాప్‌కార్న్ మాడింది’ అని రాస్తే చెల్లుతుంది, ‘పేలాలు మాడింది’ అంటే చెల్లదు, ‘మాడాయి’ అనాలి. పాత కావ్యభాషలో ‘ప్రేలాలు’ కనిపిస్తే అదీ ఈ మాటే. ప్రొద్దు పొద్దయినట్లే ప్రేలు పేలు అయింది.

ఇప్పుడు మీ రెండో వాక్యం. “పేలాలు పేలాక మూత తీసి” అన్నారు. మీ మిత్రుల అభ్యంతరం నిజానికి ఇక్కడ పనికొస్తుంది. పేలినవే పేలాలు, అవి మళ్ళీ పేలవు. వేయించు అన్నప్పుడు ఫలితాన్ని కర్మగా చెప్పుకున్నాం, కానీ ఇక్కడ పేలడానికి కర్త కావలసి వచ్చింది, ఆ కర్త గింజే. పైగా మీ అమ్మగారు మూత తీసింది ఒక గింజ పేలగానే కాదు, చప్పుడు సద్దుమణిగాక. కాబట్టి “గింజలు పేలడం ఆగాక మూత తీసి ఉప్పు, కారం చల్లేది” అని మార్చండి.