ఢిల్లీ నుంచి టోక్యోకు ఎంత దూరం? విమానంలో ఎంతసేపు పడుతుంది?

గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే సుమారు 5,850 కిలోమీటర్లు. డైరెక్ట్ ఫ్లైట్‌లో వెళ్లేటప్పుడు ఏడున్నర నుంచి ఎనిమిది గంటలు, వచ్చేటప్పుడు తొమ్మిదిన్నర నుంచి పది గంటలు. ఆఫీసు పని మీద ఈ రూట్‌లో తిరుగుతుంటాను కాబట్టి చెప్తున్నా, దూరం కన్నా ఈ రెండు గంటల తేడానే మీకు ఎక్కువ అవసరం.

తేడా అంతా గాలి వల్లే. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది. చలికాలంలో జపాన్ మీద దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటడం కూడా మామూలే. వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు తగులుతుంది. సీటు ముందు స్క్రీన్‌లో మ్యాప్ పెట్టుకుని చూడండి. జనవరిలో వెళ్తుంటే గ్రౌండ్ స్పీడ్ (నేలతో పోల్చి చూసే వేగం) గంటకు 1,100 కిలోమీటర్ల దాకా చూపిస్తుంది. తిరుగు ప్రయాణంలో టోక్యోలో లేచాక చాలాసేపు 650, 700 దగ్గరే ఈడుస్తూ ఉంటుంది. (ఈ గాలిని 1920ల్లోనే బెలూన్లు వదిలి గమనించింది జపాన్ శాస్త్రవేత్త ఓయిషి వాసబురో. ఆ రిపోర్టు ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో రాశాడు. బయట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, పాపం.)

పైగా విమానం ఆ దారం గీసిన దారిలో పోదు. ఆ దారి హిమాలయాలు దాటి టిబెట్ మీదుగా ఉంటుంది. క్యాబిన్‌లో ప్రెషర్ పోతే పైలట్ విమానాన్ని గబగబా మాస్కు లేకుండా ఊపిరాడే ఎత్తుకు, అంటే 3,000 మీటర్లకు దించాలి. టిబెట్‌లో నేల సగటు ఎత్తే 4,500 మీటర్లు, ఇక దించేదెక్కడికి? పైనుంచి వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ పావుగంటకు అటూ ఇటూగా వస్తుందంతే. అందుకని ఢిల్లీలో లేచి గంగా మైదానం వెంబడి తూర్పుకు పోయి, బంగ్లాదేశ్, మయన్మార్ దాటి చైనాలోకి వెళ్తుంది. చుట్టు దారే. పగటి ఫ్లైట్‌లో తిరిగొస్తుంటే, ఆకాశం తేటగా ఉన్న రోజున బీహార్ మీద కుడివైపు కిటికీలోంచి హిమాలయాల వరుస కనిపిస్తుంది. సీటు అటే తీసుకోండి.

టికెట్ మీద టైములు చూసి కంగారు పడొద్దు. రెండు చోట్లా లోకల్ టైమే వేస్తారు, జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు. రాత్రి 8కి ఢిల్లీలో ఎక్కితే ఉదయం 7:15కి దిగుతారు, పదకొండు గంటల పైచిలుకు అనిపిస్తుంది, నిజానికి ఏడుంముప్పావే. అక్కడ 11:30కి ఎక్కి సాయంత్రం 5:45కి ఢిల్లీలో దిగితే ఆరు గంటల్లో వచ్చేసినట్టు ఉంటుంది, ఒళ్లు మాత్రం తొమ్మిదింముప్పావు గంటలు లెక్క చెప్తుంది.

టోక్యోకున్న రెండు ఎయిర్‌పోర్టుల్లో హనేదా ఊరికి దగ్గర. నరిటా అయితే 60 కిలోమీటర్లు, రైల్లో ఇంకో గంట కలుపుకోండి.

తిరుగు ప్రయాణంలో ఢిల్లీ నుంచి డొమెస్టిక్ కనెక్షన్ ఉంటే, డిసెంబర్, జనవరిలో కనీసం నాలుగు గంటల గ్యాప్ పెట్టుకోమంటాను. ఎదురుగాలికి తోడు ఢిల్లీ పొగమంచు కూడా ఉంటుంది మరి.