బిల్డ్ ఆర్డర్ నోటికొచ్చినా గేమ్ ఎందుకు పోతోంది?

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ అనే వ్యూహాత్మక కంప్యూటర్ గేమ్‌లో ర్యాంక్డ్ (గెలుపోటములను బట్టి రేటింగ్ మారే మ్యాచ్‌లు) ఆడతాను. స్కౌట్స్ (గుర్రపు రౌతులు) తెచ్చే బిల్డ్ ఆర్డర్, అంటే ఎవరిని ఎప్పుడు ఏ పనికి పెట్టాలి, ఏది ఎప్పుడు కట్టాలి అనే వరుస, కంఠతా వచ్చు. అయినా రేటింగ్ 1000 దాటట్లేదు. ఎదుటివాడు నేను అనుకోనిది చేస్తే తేలిపోతున్నాను. పరిస్థితిని బట్టి ఆడటం ఎలా నేర్చుకోవాలి? ఈ ఆటతో కెరీర్ ఉంటుందా? నాన్న వద్దంటున్నారు.
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: ముందు ఆట సంగతి చూద్దాం. పరిస్థితిని బట్టి ఆడటమంటే మొదటి నిమిషం నుంచీ తోచినట్టు ఆడటం కాదు. అరేబియా మ్యాప్‌లో స్కౌట్స్‌కైనా ఆర్చర్లకైనా (విలుకాళ్లు) మొదటి పదిహేను మంది విలేజర్ల (పనివాళ్ల) పని దాదాపు ఒకటే. గొర్రెల మీద ఆరుగురు, చెక్కకు ముగ్గురో నలుగురో, అడవిపందిని లాక్కురావడానికి ఒకరు, ఆ తర్వాత బెర్రీలు. ఇక్కడ ప్రయోగాలు వద్దు. ఒక విలేజర్‌కు 50 ఫుడ్, 25 సెకన్లు పడుతుంది. ఆలోచనలో పడి, విలేజర్లను తయారుచేసే టౌన్ సెంటర్‌ను రెండు నిమిషాలు ఖాళీగా వదిలేస్తే దాదాపు ఐదుగురిని పోగొట్టుకున్నట్టే. మీ స్థాయిలో చాలా ఓటములకు అసలు కారణం ఇదే. తప్పును వ్యూహం మీదకు తోసేస్తుంటారు, అంతే.

నిర్ణయం తీసుకోవాల్సిన వేళ వేరు. ఆటలో రెండో దశ అయిన ఫ్యూడల్ ఏజ్‌కు 500 ఫుడ్ కట్టి నొక్కాక 130 సెకన్లు దొరుకుతాయి. ఆ లోపు మీ స్కౌట్ ఎదుటివాడి ఇంటి దగ్గర ఉండాలి. అక్కడ గొర్రెలు లెక్కపెట్టక్కర్లేదు, బంగారం గని చూడండి. ముగ్గురు నలుగురు తవ్వుతుంటే ఆర్చర్లు వచ్చే అవకాశం ఎక్కువ. బంగారం దగ్గర ఎవరూ లేకుండా ఆర్చరీ రేంజ్ (విలుకాళ్ల శాల) లేస్తుంటే స్కిర్మిషర్లు, అంటే బంగారం అక్కర్లేని, ఆర్చర్లకు విరుగుడైన ఈటెలవాళ్లు. స్టేబుల్ (గుర్రపుశాల) కనిపిస్తే స్కౌట్స్. రాయి తవ్వుతుంటే టవర్ల ఆలోచన ఉందేమో చూసుకోవాలి.

తర్వాత చూడాల్సింది, మార్పుకు ఎంత ఖర్చవుతుందని. మీరు స్కౌట్స్‌తో మొదలుపెట్టారు, ఎదుటివాడు కూడా స్కౌట్స్ తెచ్చాడనుకుందాం. స్టేబుల్‌కు ముందు బ్యారక్స్ ఎలాగూ కట్టి ఉంటారు కాబట్టి 35 ఫుడ్, 25 చెక్కతో గుర్రాలకు విరుగుడైన ఒక స్పియర్‌మన్ (బల్లెంవాడు) వచ్చేస్తాడు. కొత్త కట్టడం అక్కర్లేదు. అదే ఆర్చర్లకు మారాలంటే రేంజ్‌కు 175, బంగారం కోసం మైనింగ్ క్యాంప్‌కు 100, అంటే మొదటి ఆర్చర్ బయటికి రాకముందే 275 చెక్క పోతుంది. ఆర్చర్ల నుంచి స్కిర్మిషర్లకు మారడం మాత్రం చౌక. రేంజ్ అదే, దెబ్బనూ దూరాన్నీ పెంచే ఫ్లెచింగ్ అప్‌గ్రేడ్ కూడా ఇద్దరికీ పనికొస్తుంది. మీకు ఎక్కడ దెబ్బ తగులుతోందంటే, రెండు స్పియర్‌లు కనబడగానే స్కౌట్స్ మానేసి, రేంజ్ కట్టి, మధ్యలో అదీ ఆపేసి, చివరికి నాలుగు రకాల సైన్యం నాలుగేసి మందితో మిగలడం దగ్గర. ఒకటి రెండు యూనిట్లను చూసి మారకండి. కట్టడాన్నీ, దాని వెనక పనిచేసే విలేజర్లనూ చూసి మారండి. స్పియర్‌మన్ నెమ్మదిగా నడుస్తాడు. వాడు బెర్రీల దగ్గర కాపలా ఉంటే మీ స్కౌట్స్ చెక్క కొట్టేవాళ్ల మీదకు పోవాలి. దీన్ని ప్లాన్ మార్చడం అనరు, చోటు మార్చడమే.

ఇంకో సంగతి, సివిలైజేషన్, అంటే ఆడటానికి ఎంచుకునే జాతి. 2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా విస్తరణలోని ద్రవిడియన్స్‌కూ గుర్జరాస్‌కూ నైట్స్ (బలమైన గుర్రపు సైనికులు) లేవు. 'స్కౌట్స్, తర్వాత నైట్స్' ఒక్కటే వస్తే వాళ్లతో మీరు మూడో దశ అయిన క్యాజిల్ ఏజ్‌లో ఆగిపోతారు. కాబట్టి నెల రోజులు రాండమ్ సివ్ (ఆటే ఎంచి ఇచ్చే సివిలైజేషన్) పెట్టి ఆడండి. రేటింగ్ పడుతుంది, పడనివ్వండి. ఓడిన ప్రతి గేమ్ రీప్లేను ఎదుటివాడి వైపు నుంచి పదో నిమిషం దాకా చూసి నోట్‌బుక్‌లో ఒక్క లైన్ రాయండి: ఏం కనబడింది, ఎప్పుడు కనబడింది, నేనేం మార్చాను. పబ్లిక్ పరీక్షల ముందు మాత్రం గేమ్‌లు పక్కన పెట్టాల్సిందే.

ఇక కెరీర్. ఆడి సంపాదించడమన్నది ఈ తరహా ఆటల్లో ప్రపంచం మొత్తం మీద కొద్దిమందికే సాధ్యం. దాని మీద చదువు వదులుకోమని చెప్పలేను. అలాగని మన దేశంలో దారే లేదనీ కాదు. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఈస్పోర్ట్స్ (పోటీగా ఆడే వీడియో గేమ్‌లు) ప్రదర్శన క్రీడగా ఉన్నప్పుడు హార్త్‌స్టోన్ అనే వ్యూహాత్మక కార్డ్ గేమ్‌లో తీర్థ్ మెహతా కాంస్యం తెచ్చారు.

మీకు దగ్గర దారి ఆటలు తయారుచేయడం. ఎంపీసీ కాబట్టి బీటెక్ సీఎస్‌ఈలో చేరి సీ ప్లస్ ప్లస్ లేదా సీ షార్ప్ గట్టిగా నేర్చుకుంటే గేమ్ ప్రోగ్రామింగ్‌కు వెళ్లొచ్చు. డిజైన్ వైపు మనసుంటే ఐఐటీ బాంబే నిర్వహించే డిజైన్ ప్రవేశ పరీక్ష యూసీడ్ రాయండి. ఏ గ్రూప్ వాళ్లైనా రాయొచ్చు, హైదరాబాద్ ఐఐటీ బీడిజైన్‌కు కూడా అదే పరీక్ష. రెండుసార్లే అవకాశం, అదీ వరుస సంవత్సరాల్లోనే. దరఖాస్తులు సాధారణంగా అక్టోబరులో, పరీక్ష జనవరిలో ఉంటాయి. డిగ్రీ తర్వాత బెంగళూరు ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎండిజైన్ అనే పీజీ కోర్సు ఉంది. రెజ్యూమెలో రేటింగ్ రాస్తే ఎవరూ పట్టించుకోరు. మీరు ఆడే గేమ్‌లోనే మ్యాప్‌లు తయారుచేసుకునే సినారియో ఎడిటర్ ఉంది కదా, దానితో రెండు మూడు దారుల్లో గెలవగలిగే చిన్న మ్యాప్ ఒకటి చేసి మోడ్‌గా (ఇతరులు దించుకుని ఆడేలా) విడుదల చేయండి. ఆడినవాళ్లు ఎక్కడ విసిగిపోయారో, మీరేం సరిచేశారో రాసిపెట్టుకోండి. చూపించడానికి అది పనికొస్తుంది.

నాన్నగారి భయం డబ్బు పందేల గురించైతే అది న్యాయమైనదే. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈస్పోర్ట్స్‌ను గుర్తించింది, పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. టోర్నమెంట్‌లో ఎంట్రీ ఫీజు ఉండొచ్చు. కానీ గెలిస్తే పెట్టిన డబ్బుకు ఇంతకింత ఇస్తామనే యాప్ ఏదైనా సరే, ఫోన్‌లోంచి తీసేయండి.