నగలు కొనుక్కుంటున్న చిన్నబ్బాయికి పెదనాన్న రాసిన ఉత్తరం

బందరు

చిరంజీవి చిన్నబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు కూడా క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నిన్న మీ అమ్మ ఫోను చేసి, విశాఖపట్నంలో హార్బరు పక్కనున్న కర్మాగారంలో నీ ఉద్యోగం ఖాయమైందనీ, దాచుకున్న జీతంతో సంక్రాంతికి రెండు కాసుల గొలుసు, చేతికి వెండి కడియం, ఇంటర్నెట్‌లో చూసి ముచ్చటపడిన నల్లటి ఉంగరం ఒకటి కొనుక్కుని మూడూ రోజూ పెట్టుకోవాలనుకుంటున్నావనీ చెప్పింది. తరతరాలుగా కుంపటి ముందు కూర్చుని ఊరందరికీ నగలు చేసిన ఇంట్లో, సొంత సంపాదనతో ఒంటి మీదకు బంగారం కొనుక్కుంటున్న మొదటి మగపిల్లవాడివి నువ్వే. ఆ మాట విని మీ పెద్దమ్మా నేనూ ఎంత పొంగిపోయామో చెప్పలేను. ఆ నల్ల ఉంగరం సంగతి విన్నాక మాత్రం నాకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. అందుకే తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ముందు అందరికీ తెలిసినవి చెప్పి పక్కన పెడతాను. బంగారం 22 క్యారట్లదైతే దాని మీద 916 అని ఉండాలి. దానితోపాటు నాణ్యతను ధ్రువీకరించే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ ముద్ర, ఏ నగకు ఆ నగకే ఇచ్చే హెచ్‌యూఐడీ అనే అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సంఖ్య లేని హాల్‌మార్కు నగను దుకాణంలో అమ్మకూడదు. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి అక్కడికక్కడే సంఖ్య సరిచూసుకో. ‘కేడీఎం బంగారం’ అని, అంటే కాడ్మియం కలిపి అతికించినదని, ఎవరైనా ఇంకా గొప్పగా చెబితే నమస్కారం పెట్టి బయటికి వచ్చేయి. అతికేటప్పుడు వచ్చే ఆ కాడ్మియం పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న పనివాళ్ళు మన వృత్తిలో ఉన్నారు.

గొలుసు బోలుది వద్దు, గట్టిది తీసుకో. షోరూములో లావుగా, బరువు తక్కువగా కనిపించే తాడు గొలుసులు చాలావరకు బోలువే. పైకి ఎంత నిండుగా కనబడినా లోపల ఖాళీ. రాత్రి పడుకున్నప్పుడు నొక్కుకుపోతాయి, సొట్టపడితే సరిచేయడం కుదరదు. సన్నని అతుకుల్లోంచి లోపలికి దిగిన చెమట, సబ్బునీరు మళ్ళీ బయటికి రావు. బల్లపరుపుగా ఉండే లంకెల గొలుసైతే మెడ మీద వెంట్రుకలను పీకదు, తుడిస్తే ఆరిపోతుంది. రెండు కాసులంటే 16 గ్రాములు. కాలరు లోపల ఉండే పొడవుకు గట్టి గొలుసు ఆ బరువులో బాగానే వస్తుంది. నీ హైదరాబాదు స్నేహితుడు ‘రెండు తులాలు’ అంటే అది 20 గ్రాములు. ధర పోల్చుకునేటప్పుడు అక్కడ తికమక పడకు.

గొలుసు కొనేటప్పుడు అందరూ మధ్యలో నగిషీ చూస్తారు, నేను కొక్కెం చూస్తాను. బందరు గాలిలో ఏళ్ళ తరబడి వేసుకున్న గొలుసును భూతద్దం కింద పెడితే, మధ్య లంకెలన్నీ గుండ్రంగానే ఉంటాయి. కొక్కేనికి ఆనుకున్న చివరి లంకె మాత్రం లోపలి వైపు అరిగి, అక్కడ చిన్న గాడి పడి ఉంటుంది. గోటితో తడిమితే తెలుస్తుంది. చెమటలో కలిసిన మట్టి, చొక్కా నూలు పీచు ఆ మూలన చేరి, మెడ కదిలినప్పుడల్లా ఆకురాయిలా రాస్తూనే ఉంటాయి. గొలుసు పోగొట్టుకున్నామని ఏడుస్తూ నా దగ్గరికి వచ్చినవాళ్ళలో దొంగ చేతికి పోయినవాళ్ళు తక్కువ, ఆ లంకె తెగి పోయినవాళ్ళే ఎక్కువ. ఏడాదికొకసారి కంసాలికి చూపించి, అవసరమైతే ఆ ఒక్క లంకె మార్పించుకో.

వెండి కడియం 925 ముద్ర, అంటే వెయ్యికి 925 పాళ్ళు వెండి, ఉన్నది తీసుకో. సముద్రపు ఊళ్ళో అది నల్లబడిందని కంగారుపడకు, మోసపోయానని దుకాణం మీదకు పోకు. గాలిలో ఉండే గంధకపు వాయువులతో వెండి కలిసి నల్లని పొర కడుతుంది, తేమ ఉన్నచోట అది ఇంకా త్వరగా జరుగుతుంది. కుంకుడు రసంలో నానబెట్టి మెత్తని బ్రష్షుతో తోమి, మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక పొడిబట్టతో రుద్దితే చాలు. టూత్‌పేస్టుతో తోమవద్దు, గీతలు పడతాయి. మీ నాయనమ్మ విభూతితో తోమేది, అది మెత్తనిది కాబట్టి పరవాలేదు. అన్నిటికంటే ముఖ్యం, కడియానికి రబ్బరు బ్యాండు చుట్టి పెట్టకు. రబ్బరులో గంధకం ఉంటుంది. కొన్నాళ్ళకే బ్యాండు ఆనినంత మేరా నల్లని గీత దిగుతుంది. గాలి దూరని చిన్న కవరులో, చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం వేసి దాచుకో. అది దొరక్కపోతే సుద్దముక్క వేసుకో.

కడియం పూర్తి గుండ్రంగా మూసుకున్నది కాకుండా మూతి తెరిచి ఉన్నది ఎంచుకో. మణికట్టును పక్కకు తిప్పితే బయటికి వచ్చేయాలి. అలాగని రోజుకు పదిసార్లు వంచి తీయకు, వంచినచోటే విరుగుతుంది.

మన చిలకలపూడి సరుకు గురించి కూడా చెప్పాలి. బందరువాణ్ణయి ఉండి దాన్ని తక్కువ చేయలేను. రోల్డ్ గోల్డ్ అంటే దేశమంతా మన ఊరి పేరే చెబుతారు, పెళ్ళికో నాటకానికో అంతకంటే మెరుపు ఎక్కడా దొరకదు. కాని లోపల ఉండేది రాగి, ఇత్తడి. ఉప్పుగాలిలో రోజూ వేసుకుంటే అంచుల్లో పూత పలచబడుతుంది, చెమట రాగిని తాకుతుంది, ఇక మెడ మీద పచ్చగా చిలుము దిగుతుంది. ఒక్కోసారి అందులో కలిసిన నికెల్ పడక దురదతో పుండ్లు కూడా లేస్తాయి. రోజువారీకి చవకలో ఏదైనా కావాలంటే 316 రకం స్టీలు గొలుసు తీసుకో. అందులో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి, మామూలు 304 స్టీలు కంటే ఉప్పును బాగా తట్టుకుంటుంది. నీ మొలతాడు నూలుదైతే స్నానం చేశాక అది తడిగా నడుముకు అంటుకుని ఉండనివ్వకు. అక్కడే తామర మొదలవుతుంది. తుడిచి ఆరబెట్టు, నెలకోసారి మార్చు.

ఇక ఉంగరం.

మీ నాన్న ఎడమచేతి ఉంగరపు వేలి మొదట్లో, చుట్టూ తిరిగి, చర్మం పలచగా మెరుస్తూ ఒక మచ్చ ఉంటుంది. నువ్వు చిన్నప్పుడు అడిగితే తామర వచ్చి మానిందని చెప్పేవాడు. అది తామర కాదు. నువ్వు పుట్టకముందు మాట. మన వృత్తి తనకు వద్దని లారీల షెడ్డులో పనిలో చేరిన రోజులవి. పెళ్ళిలో మీ తాతగారు పెట్టిన అరకాసు ఉంగరం వాడి వేలికి ఉండేది. పనిలోకి దిగేముందు తీసి పెట్టమని షెడ్డులో పెద్ద మేస్త్రీ చెప్పేవాడు, నేను చెప్పేవాణ్ణి, మీ అమ్మ కూడా చెప్పేది. కొత్త అల్లుడి దర్జా కదా, వినేవాడు కాదు. పైగా లెక్క చెప్పేవాడు: ‘బ్యాటరీ 12 వోల్టులే, ముట్టుకున్నా షాకు కొట్టదు.’

ఆ మాట నిజమే, షాకు కొట్టదు. కాని ఆ బ్యాటరీ రెండు కొనలనూ లోహంతో కలిపితే అందులోంచి వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా పారుతుందని వాడు ఆలోచించలేదు. పాజిటివ్ టెర్మినల్ బోల్టు విప్పుతుండగా స్పానరు జారి, స్పానరుకూ లారీ ఇనుప చట్రానికీ మధ్య ఆ ఉంగరం ఇరుక్కుంది. టప్పుమని ఒక శబ్దం, ఒక మెరుపు. చెయ్యి లాక్కునేలోపే ఉంగరం వేడెక్కి, వేలి చుట్టూ కాల్చేసింది. బంగారం ఎంత మంచి వాహకమో మన ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా?

అప్పుడైనా ఆసుపత్రికి వెళ్ళాడా అంటే, లేదు. ఎవరో చెబితే గ్రీజు పూసుకుని పని చేస్తూనే ఉన్నాడు. శ్రావణమాసపు ఉక్క, చెయ్యి అసలే ఉబ్బి ఉండే కాలం. సాయంత్రం దుకాణానికి వచ్చేసరికి వేలు ముదురు ఊదారంగుకు తిరిగి, ఉంగరం కండలోకి దిగిపోయి ఉంది. గిల్లితే స్పర్శ లేదన్నాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అయినా నా చేతిలో పని అది. ఉంగరానికీ చర్మానికీ మధ్య సన్నని రేకు దూర్చి, రంపపు తీగతో ఒకచోట కోసి, రెండోవైపు ఇంకోచోట కోసి, రెండు ముక్కలుగా విడదీశాను. 22 క్యారట్ల బంగారం మెత్తనిది కాబట్టి తెగింది. అక్కడినుంచి రిక్షాలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. ఇంకొంచెం ఆలస్యమైతే వేలు దక్కేది కాదని డాక్టరుగారు కేకలు వేశారు. ఇంటికి కబురు వెళితే, వేలు సంగతి ఇంకా తెలియని మీ అమ్మ, ‘మా నాన్న పెట్టిన ఉంగరాన్ని కోసేశారా బావగారూ’ అని కంటనీరు పెట్టుకుంది. తరువాత ఆ కట్టు విప్పినప్పుడు చూసి, ఆ ముక్కలు మళ్ళీ అతికించవద్దని తనే నాతో చెప్పింది.

ఇప్పుడు నీ నల్ల ఉంగరం దగ్గరికి వస్తాను. మీ అమ్మ పంపిన బొమ్మ కింద ‘టంగ్‌స్టన్ కార్బైడ్, జన్మలో గీత పడదు’ అని రాసి ఉంది. గీత అంత సులువుగా పడదు, అబద్ధం కాదు. కాని గీత పడనిది నా రంపానికి తెగదు. దాన్ని పట్టి బిగించే ప్లయరు లాంటి పరికరంతో కొద్దికొద్దిగా నొక్కి పగలగొట్టి తీయాలి, ఆ సంగతి తెలిసినవాడు ఆ క్షణంలో నీ పక్కన ఉండాలి. పైగా వేలు లావెక్కితే దాన్ని సాగదీయడం కుదరదు. ఆ సాయంత్రం మీ నాన్న వేలికి ఆ ఉంగరమే ఉండి ఉంటే, నా పెట్టెలోని పనిముట్లన్నీ పెట్టుకుని నేను చూస్తూ కూర్చోవలసి వచ్చేది. స్టీలు, టైటానియం కోతకు లొంగుతాయి గాని చాలా సేపు పడుతుంది. వేలికి బంగారమో వెండో తప్ప మరొకటి నాకు ఇష్టం లేదు. తిట్టుకుంటే తిట్టుకో, ముసలివాడి చాదస్తమనుకో.

పనిలో మాత్రం బంగారం ఉంగరం కూడా వద్దు. పంపుల దగ్గర, మోటార్ల దగ్గర, నిచ్చెన ఎక్కి దిగేటప్పుడు ఉంగరం ఏ కొక్కేనికో తగులుకుంటే ఒంటి బరువంతా ఆ వేలి మీద పడుతుంది. తరువాత జరిగేది రాయడం నాకు ఇష్టం లేదు. తీసి చొక్కా జేబులో వేసుకోకు, వంగినప్పుడు జారిపోతుంది. డ్యూటీ ఉన్న రోజు ఇంట్లోనే వదిలి వెళ్ళు, సాయంత్రం స్నానం చేసి ఆరిన చేతికి పెట్టుకో.

కొలత కూడా సాయంత్రమే ఇవ్వు. షోరూముల్లో ఏసీకి వేళ్ళు కుంచించుకుపోతాయి, అక్కడ చక్కగా పట్టిన ఉంగరం విశాఖ మే నెలలో మధ్యాహ్నానికి బిగుసుకుంటుంది. ఎండలో కాస్త నడిచి వెళ్ళి, కూర్చోగానే కొలిపించుకో. కణుపు దగ్గర కొంచెం ఒరుసుకుని దాటాలి, దాటాక సునాయాసంగా తిరగాలి. వెడల్పు పట్టీ అయితే ఒక కొలత పెద్దది అడుగు. ఉంగరం కింద చర్మం తెల్లగా నానినట్టు కనిపిస్తే కొన్నాళ్ళు తీసేయి.

మీ అమ్మ పగడం పెట్టించమంటుందని నాకు తెలుసు, ఆవిడ మాట కాదనలేవు. పగడం సముద్రంలో పుట్టిందే అయినా దానికి చెమట, సబ్బు పడవు. సున్నపురాయిలో ఉండే పదార్థమే అందులోనూ ఉంటుంది, పులుపు తగిలితే కరిగి మెరుపు పోతుంది. పూజ రోజున పెట్టుకుంటానని ఆవిడకు నచ్చజెప్పు.

ఎప్పుడైనా ఉంగరం బిగుసుకుంటే లాగకు. చెయ్యి కాసేపు పైకెత్తి ఉంచి, తరువాత చల్లని నీళ్ళలో పెట్టి, సబ్బు నురుగు రాసి చూడు. రాకపోతే దారం కొనను ఉంగరం కిందుగా అరచేతి వైపుకు దూర్చి, రెండో కొనను ఉంగరం అంచు నుంచి కణుపు దాటేదాకా సందు లేకుండా వేలికి చుట్టు. ఆ తరువాత అరచేతి వైపున్న కొనను పట్టుకుని చుట్లు విప్పుతూ రా. ఉంగరం ఒక్కొక్క చుట్టూ ఎక్కుతూ బయటికి వస్తుంది. వేలు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఇవేమీ చేయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళు.

ఇంటి ముందుకు వచ్చి నగలకు మెరుగు పెడతామనేవాళ్ళకు ఏదీ ఇవ్వకు. వాళ్ళ ద్రావకంలో ముంచిన గొలుసు మెరుస్తూనే వస్తుంది, బరువు తగ్గి వస్తుంది.

ఆ నల్ల ఉంగరానికి ఇంకా డబ్బు కట్టకపోతే మానుకో, కట్టేసి ఉంటే తిప్పి పంపించు. గొలుసు బిల్లులో బరువు, తరుగు, మజూరీ విడివిడిగా రాయించుకుని, ఆ బిల్లూ, కొక్కెమూ, గొలుసు మీది ముద్రా ఫోటో తీసి నాకు పంపు. వేలి కొలత సంఖ్య కూడా పంపితే, నీ ఉంగరం నేనే చేసి ఇస్తాను. కళ్ళు కొంచెం మసకబారాయి గాని చెయ్యి ఇంకా వణకడం లేదు.

ఇట్లు,
నీ పెదనాన్న