వైజాగ్‌కి మూడు రోజులు: సోమవారం ఏం పెట్టుకోవాలో ముందు తేల్చుకోండి

డిసెంబరులో ఒక శనివారం రాత్రి వైజాగ్‌లో దిగి ఆది, సోమ, మంగళ ఉంటామన్నారు. వెంట మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు, ఇద్దరు పిల్లలు. సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి, భీమిలి, సింహాచలం, బొర్రా గుహలు, అరకు అన్నీ అవుతాయా అని అడిగారు.

అవుతాయండి. కాకపోతే సబ్‌మెరైన్‌ని సోమవారం పెట్టుకోకండి. ఆ రోజు సెలవు. మొదటిసారి మేం వెళ్ళింది సరిగ్గా సోమవారమే. గేటుకి తాళం. మావాడికి అప్పుడు ఏడేళ్ళు. కమ్మీలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డాడు, ఎంత లాగినా కదలడే! రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళడానికి సగం కారణం ఆ మొహమే.

రెండోసారి వెళ్ళినప్పుడు అర్థమైందేమిటంటే, ఈ ఊరిని చూడాల్సినవాటి జాబితా రాసుకుని తిరిగితే రోడ్డు మీదే పొద్దు గడిచిపోతుంది. ఊరంతా సముద్రం ఒడ్డునే పొడుగ్గా సాగి ఉంది. అందుకని రోజుకొక దిక్కు పెట్టుకోండి.

ఆదివారం బీచ్ రోడ్డు. పెందలాడే బయల్దేరి ఆపకుండా భీమిలి దాకా వెళ్ళిపోయి, చూడాల్సినవన్నీ తిరుగు దారిలో చూసుకోండి. భీమిలిలో డచ్చివాళ్ళ పాత సమాధులు, లైట్‌హౌస్, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు ఉన్నాయి. ఆ గోస్తని పేరు గుర్తుపెట్టుకోండి, సోమవారం మళ్ళీ కనిపిస్తుంది. వచ్చేటప్పుడు తొట్లకొండ ఎక్కండి. కారు పైదాకా వెళ్తుంది కాబట్టి అత్తగారికి ఇబ్బంది లేదు. రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధారామం అది. భిక్షువులు నీళ్ళ కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. ఎదురుగా సముద్రం, జనం తక్కువ. నన్నడిగితే కైలాసగిరి మానేసి ఇక్కడ ఇంకో గంట కూర్చోమంటాను. కానీ రోప్‌వే ఉందని తెలిశాక పిల్లలు ఊరుకోరు కదా, సాయంత్రం అదీ కానిచ్చేయండి. నీళ్ళలో దిగాలంటే రుషికొండ దగ్గర, అదీ లైఫ్‌గార్డులు ఉన్న వైపే. ఆర్కే బీచ్‌లో మాత్రం పాదాలు తడుపుకుని వచ్చేయండి. పైకి ప్రశాంతంగానే ఉంటుంది, లోపలికి లాగేస్తుంది. యారాడ బీచ్ కూడా అంతే.

సోమవారం అరకు. పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలుకి అద్దాల బోగీ తగిలిస్తారు, విస్టాడోమ్ అంటారు. డిసెంబరులో ఆ టికెట్లు ఇట్టే అయిపోతాయి, బుకింగ్ తెరిచిన రోజే చేసుకోండి. కిరండూల్ దాకా 58 సొరంగాలట, మేం లెక్కపెట్టలేదు. చీకటి పడ్డ ప్రతిసారీ బోగీలోని పిల్లలందరూ ఒకటే కేక. పదో సొరంగం దాకా ముచ్చటగానే ఉంటుంది.

తిరుగు ప్రయాణం రైల్లో వద్దు, బాగా రాత్రవుతుంది. కారుని ఖాళీగా అరకు రప్పించుకుని అనంతగిరి కాఫీ తోటల మీదుగా దిగుతూ బొర్రా చూడండి. గుహలోకి మెట్లు చాలానే ఉన్నాయి, పైగా తడి. మా అమ్మ సగం దిగి, ఒక రాతి మీద చతికిలబడి, "చల్లగా బాగుంది, మీరెళ్ళి రండి, నేనిక్కడే ఉంటా" అంది. మీ అత్తగారిని అసలు దింపకపోవడమే మేలు. గోస్తని పుట్టేది ఈ కొండలోనే. నిన్న భీమిలిలో సముద్రంలో కలుస్తూ కనిపించిన నది ఇదేనంటే మా అమ్మాయి నమ్మలేదు, మ్యాప్ తీసి చూపించాల్సొచ్చింది. అరకులో సాయంత్రం అయ్యేసరికి చలి గట్టిగానే ఉంటుంది, స్వెట్టర్లు పైకి అందేలా సర్దుకోండి.

మంగళవారం పొద్దున్నే సింహాచలం. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. ఆ సంగతి అత్తగారికి ముందే చెప్పి ఉంచండి, అంత దూరం వెళ్ళి మనసు చిన్నబుచ్చుకోకుండా.

అక్కణ్ణుంచి పాత ఊరికి రండి. వైజాగ్ వెళ్ళొచ్చినవాళ్ళలో చాలామంది హార్బర్ చూడకుండానే తిరిగొస్తారు, నాకు అదే విచిత్రం. ఓడలు వచ్చే కాలువ పక్కన మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. మేం చర్చి కొండ ఎక్కి ఆయాసం తీర్చుకుంటుండగా ఒక సరుకు ఓడ వచ్చింది. డాల్ఫిన్ నోస్ కొండ పాదం దగ్గర, అంత ఇరుకు దారిలో, దాన్ని నడిపించడానికి ముందొక టగ్ పడవ, వెనకొకటి. మనిషి నడిచినంత నెమ్మదిగా మా కాళ్ళ కింద నుంచి పోయింది. డెక్ మీద ఒకతను ఉతికిన బట్టలు ఆరేస్తున్నాడు! మావాడు చెయ్యి ఊపితే అతనూ ఊపాడు. 1933లో తెరిచిన రేవు ఇది, ఇప్పటికీ లోపలి హార్బర్‌కి ఓడలు వెళ్ళేది ఆ సందులోంచే. ఫోటోలు తీసేటప్పుడు నేవీ బోర్డులు చూసుకోండి.

ఇక సబ్‌మెరైన్. మేం వెళ్ళినప్పుడు మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి తెరిచేవాళ్ళు, మీరు వెళ్ళే ముందు ఒకసారి కనుక్కోండి. దాని పేరు కుర్సురా, సోవియట్ తయారీ. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు పెట్టి, తల వంచి దూరాలి. నాకు నుదురు ఒకసారి తగిలింది. డెబ్బై మందికి పైగా ఆ గొట్టంలో నెలల తరబడి బతికారని రిటైర్డ్ నేవీ గైడ్ చెబుతుంటే మా ఆవిడ వంటగది వైపే చూస్తోంది. మన ఇంటి స్టోర్ రూమంత కూడా లేదు. అత్తగారు బయట గట్టు మీద కూర్చుంటారు, ఆవిడకో పొట్లం మురీ మిక్చర్ కొనిచ్చి మీరు లోపలికి వెళ్ళండి. రోడ్డవతల మ్యూజియంగా పెట్టిన నేవీ పాత విమానం టీయూ-142 కూడా అదే పూటలో అయిపోతుంది.

డిసెంబరు మొదటి వారమైతే ఇంకో మాట. 4న నేవీ డే. విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాది, ముందు రోజుల రిహార్సల్స్‌కే బీచ్ రోడ్డులో ట్రాఫిక్ మళ్ళించేస్తారు. హోటల్ ఆ రోడ్డులోనే తీసుకుంటే సాయంత్రాలు కారు చేరడం కష్టం.

తిరుగు టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు కూడా ఒకసారి చదువుకోండి. కొన్ని రైళ్ళు విశాఖ లోపలికి రాకుండా దువ్వాడ నుంచే వెళ్ళిపోతాయి. ఊళ్ళోంచి దువ్వాడ బాగా దూరం, గంటన్నర ముందే బయల్దేరండి.