రిపీటర్ వినిపిస్తోంది, నా గొంతు మాత్రం అందడం లేదు

ప్రశ్న: హామ్ రేడియో (అభిరుచిగా నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్సుకు తొలి మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్ష నెగ్గి, ఈ మధ్యే వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (రేడియోలో నా గుర్తింపు పేరు) అందుకున్నాను. హైదరాబాద్ రిపీటర్ (ఎత్తున ఉండి, అందిన సంకేతాన్ని దూరానికి తిరిగి పంపే స్టేషన్) మీద మాట్లాడుకునేవాళ్లు నా 5 వాట్ల హ్యాండ్‌సెట్‌లో స్పష్టంగా వినిపిస్తున్నారు. నేను పిలిస్తే మాత్రం ఎవరూ పలకడం లేదు. ఎక్కువ వాట్ల సెట్టు కొనాలా?
— ఒక పాఠకుడు, భువనగిరి

జవాబు: తొందరపడి కొనకండి. ముందు మీ చేతిలో ఉన్న సెట్టులో రెండు అమరికలు సరిచూసుకోండి. రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో పంపుతుంది. మీరు వాడే రెండు మీటర్ల తరంగదైర్ఘ్యపు బ్యాండులో ఈ రెంటి మధ్య తేడా, అంటే షిఫ్ట్, సాధారణంగా 600 కిలోహెర్ట్జ్ ఉంటుంది. ఉదాహరణకు, రిపీటర్ 145.700 మెగాహెర్ట్జ్‌లో వినిపిస్తూ, షిఫ్ట్ మైనస్ అయితే, మీ సెట్టు 145.100లో పంపాలి. షిఫ్ట్ పెట్టకపోతే మీకు అందరూ వినిపిస్తారు, మీరు ఎవరికీ వినిపించరు. రెండోది టోన్. చాలా రిపీటర్లు మాటతోపాటు సన్నగా సాగే 88.5 హెర్ట్జ్ వంటి ఒక నిర్ణీత స్వరం అందితే తప్ప తెరుచుకోవు. ఆ రిపీటర్‌ను నిర్వహించే క్లబ్బును అడిగితే షిఫ్టూ టోనూ రెండూ చెబుతారు.

అవి సరిపోయాక, మీ కాల్‌సైన్ చెప్పి 'రేడియో చెక్' అని అడిగి, బటన్ వదిలాక జాగ్రత్తగా వినండి. రిపీటర్ కాసేపు నిశ్శబ్దంగా తెరిచి ఉండి ఆగిపోతే, మీ సంకేతం అక్కడిదాకా చేరినట్టే. అది తెరుచుకుని కూడా మీ మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని అవతలివారు చెబితే, అప్పుడు లోపం అమరికలది కాదు, అందుబాటుది.

ఈ బ్యాండులో అందుబాటును ప్రధానంగా నిర్ణయించేది వాట్లు కావు, ఎత్తు. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే, అడ్డు లేని చోట రేడియో దిగంతం (తరంగాలు నేరుగా చేరగల హద్దు) ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. రిపీటర్ యాంటెన్నా చుట్టూ ఉన్న నేలకంటే 100 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, దాని దిగంతం 41 కిలోమీటర్లు. మీరు వీధిలో సెట్టు పట్టుకుని నిలబడితే మీ వంతు 5 కిలోమీటర్లు; అదే యాంటెన్నా 12 మీటర్ల ఎత్తున మేడమీద ఉంటే 14. అంటే మొత్తం 46 నుంచి 55కు పెరుగుతుంది, అదీ ఒక్క వాటు పెంచకుండా. ఆ హద్దు అంచున ఉన్న మీకు ఆ 9 కిలోమీటర్లే కీలకం కావచ్చు. రిపీటర్ మీకు బాగా వినిపించడానికి అది పంపే శక్తి ఎక్కువగా ఉండటం కూడా ఒక కారణమే. అది 25 వాట్లు పంపుతుంటే మీ వైపు దానిలో అయిదో వంతు మాత్రమే ఉంది.

సెట్టుతో వచ్చిన పొట్టి రబ్బరు యాంటెన్నాకు బదులు, సుమారు అర మీటరు పొడవు గల క్వార్టర్‌వేవ్ యాంటెన్నాను నిలువుగా మేడమీద పెట్టండి. కేబుల్ విషయంలో మాత్రం పొదుపు వద్దని నా గట్టి సలహా. సన్నటి ఆర్జీ-58 రకం కేబుల్‌ను 20 మీటర్లు లాగితే మీ 5 వాట్లలో సగానికి పైగా కేబుల్‌లోనే పోతాయి. మందపాటి ఆర్జీ-213 అయితే దాదాపు మూడింట రెండు వంతులు యాంటెన్నాకు చేరతాయి. కొనదలిస్తే ఆ కేబులే కొనండి.

ప్రశ్న: రెండు కార్లలో శ్రీశైలం వెళ్తున్నాం. నల్లమలలో చాలాచోట్ల ఫోన్ పనిచేయదు కాబట్టి రెండు హామ్ సెట్లు కొని వాడుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: లైసెన్సు లేకుండా హామ్ సెట్టు వాడటం చట్టవిరుద్ధం. మీ అవసరానికి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య మాత్రమే పనిచేసే, లైసెన్సు అక్కర్లేని తక్కువ శక్తి వాకీటాకీలు చాలు. వాటికి ప్రభుత్వ ఆమోదం ఉందో లేదో అమ్మేవారిని అడగండి. ఘాట్ మలుపుల్లో కార్ల మధ్య దూరం పెరగనివ్వకండి, ఎందుకంటే మధ్యలో కొండ అడ్డు వస్తే ఇవీ మూగబోతాయి. మీ ఇంట్లో పిల్లలకు ఆసక్తి ఉంటే పరీక్ష రాయించండి. కనీస వయసు 12 ఏళ్లు, తొలి మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ అవసరం లేదు.

ప్రశ్న: రిపీటర్ మీద మొదటిసారి మాట్లాడటానికి బెరుకుగా ఉంది. మర్యాదలేమిటి?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కొన్ని రోజులు వినండి, బెరుకు దానంతటదే తగ్గుతుంది. ఒకరు ముగించిన వెంటనే అందుకోకుండా రెండు మూడు సెకన్లు ఆగండి. రిపీటర్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు కాబట్టి, అత్యవసర సందేశం ఉన్నవారు చొరబడగలిగేది ఆ ఖాళీలోనే. కాల్‌సైన్ చెప్పకుండా ఊరికే బటన్ నొక్కి వదలడం, వ్యాపార విషయాలు మాట్లాడటం తగవు. ఎదురుగా నేరుగా అందే మిత్రుడితో సుదీర్ఘంగా మాట్లాడాలంటే రిపీటర్‌ను వదిలి సింప్లెక్స్‌కు, అంటే ఇద్దరూ ఒకే ఫ్రీక్వెన్సీలో నేరుగా మాట్లాడుకునే పద్ధతికి మారండి.

ఈ క్రమశిక్షణ ఎందుకో చెప్పడానికి 2004 డిసెంబరు 26 కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం ఆ నాటికి పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ కార్యక్రమం నడుపుతోంది. సునామీ తర్వాత వారు తమ కార్యక్రమాన్ని ఆపి, అండమాన్ నుంచి ప్రధాన భూభాగానికి క్షేమ సమాచారం అందించారు. వారు వాడింది రిపీటర్ కాదు, దూరాలు దాటే హెచ్‌ఎఫ్ బ్యాండ్లు. అయినా ఎదుటివారిని మాట్లాడనిచ్చి, పేరూ ఊరూ తప్పు లేకుండా తిరిగి చదివి నిర్ధారించుకునే అలవాటు రెంటికీ ఒక్కటే, అది సాయంత్రపు నెట్‌లలోనే (నిర్ణీత వేళకు హామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసే సమావేశాల్లోనే) అబ్బుతుంది. మీ ఊరి నెట్ ఏ వేళకు నడుస్తుందో తెలుసుకుని, నియంత్రించేవారు కొత్తవారిని పిలిచినప్పుడు కాల్‌సైన్, పేరు, ఊరు చెప్పండి. మొదటి రోజుకు అంత చాలు.