పప్పుచారు మీద అన్న మాట ఆమెకి ఎక్కడ తగిలింది

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తమ్ముడూ అనే పిలుస్తాను, నువ్వు అనే అంటాను, నా వయసుకి ఆ చనువు ఉంటుందనుకుంటున్నా.

చదివేవాళ్ళ కోసం నువ్వు రాసింది క్లుప్తంగా చెప్తాను. పెళ్ళై నాలుగేళ్ళు, రెండేళ్ళ పాప. నీది ఆఫీస్ ఉద్యోగం, ఆమె పాప పుట్టాక ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటోంది. మూడు వారాల క్రితం ఆదివారం మీ అక్కా బావా భోజనానికి వచ్చారు. అన్నంలో పప్పుచారు పోసుకుని ఒక ముద్ద తిని "ఇదేం పప్పుచారు, పసుపు నీళ్ళలా ఉంది, అమ్మకి ఫోన్ చేసి ఎలా చెయ్యాలో కనుక్కో, రోజంతా ఇంట్లోనే కదా ఉండేది" అన్నావు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ రోజు నుంచి మూడు పూటలా వంట చేస్తోంది, టేబుల్ మీద పెడుతోంది, "తినండి" అంటోంది, అంతకుమించి మాట లేదు. నువ్వు బిర్యానీ ఆర్డర్ పెడితే ముట్టుకోలేదు. సారీ చెప్తే "దేనికి?" అని లోపలికి వెళ్ళిపోయింది. చివర్లో నన్నడిగావు, "ఉన్నమాట చెప్తే తప్పా మేడమ్, ఇంట్లో కూడా అబద్ధాలు చెప్పాలా?" అని.

అబద్ధం చెప్పమని నేను అననే అనను. చారు పల్చగా ఉంటే పల్చగా ఉన్నట్టే. కానీ నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యంలో మూడు మాటలున్నాయి, నువ్వు మొదటిదాని గురించే పేజీన్నర రాశావు. పసుపు నీళ్ళు అన్నది చారు గురించి, అది ఆ పూటకి పోయేది. అమ్మకి ఫోన్ చెయ్యి అన్నది ఆమె చేతనైనతనం గురించి, అదీ నీ అక్క ముందు. రోజంతా ఇంట్లోనే కదా అన్నావే, అది ఆమె బతుకు గురించి. ఉద్యోగం మానేసిన ఆడపిల్లకి లోపల ఎక్కడో ఒక పుండు ఉంటుంది, నేనిప్పుడు ఏం చేస్తున్నాను, నన్ను ఎవరైనా లెక్కలో వేసుకుంటున్నారా అని. నువ్వు చారు అనుకుని గరిట నేరుగా ఆ పుండులో పెట్టావు. నీ ఉత్తరంలో ఆ మాట ఏదో గుర్తొచ్చి రాసినట్టు ఒక మూల ఉంది, ఆమెకి మాత్రం ఈ మూడు వారాలూ చెవుల్లో అదే మోగుతూ ఉంటుంది.

ఇంట్లోనే కదా అన్నావు కాబట్టి ఒక్క లెక్క చెప్తాను. కేంద్ర ప్రభుత్వం 2019 లో మనుషులు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు వాటికే పెడుతుంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. 2024 లో మళ్ళీ చేస్తే 289, 88 వచ్చాయి. అంటే ఇంచుమించు ఐదు గంటలు, అదీ పిల్లల్ని చూసుకునే టైమ్ అందులో కలపకుండా, అది వేరే లెక్క. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ నష్టపరిహారం కేసులో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు ఏ పనీ చెయ్యట్లేదనుకోవడం తప్పు, ఆ పనికీ విలువ కట్టాల్సిందే అని గట్టిగా చెప్పింది. ఇది నిన్ను దులిపెయ్యడానికి చెప్పట్లేదు. కోర్టు దాకా వెళ్ళి తేల్చుకోవాల్సినంత మామూలైపోయింది ఆ మాట, నీ నోట్లోంచి కూడా అలా అలవాటుగానే వచ్చింది, కావాలని అనలేదని నాకు తెలుసు.

ఇప్పుడు ఉన్నమాట సంగతికి వద్దాం. మన తెలుగులో ఒక సుఖం ఉంది, చూడు. "ఉప్పు తగ్గింది" అంటే తగ్గింది ఉప్పు, ఎవరూ తగ్గించలేదు. "ఉప్పు తక్కువేశావు" అంటే అదే సంగతి, కానీ ఇప్పుడు వేలు మనిషి వైపు తిరిగింది. "నీకెప్పుడూ ఉప్పు సరిగ్గా పడదు" అన్నావంటే ఈ కూర పోయి నాలుగేళ్ళ కూరలన్నీ కలిపి తప్పు పట్టినట్టు. మూడూ ఉన్నమాటలే, చారు పల్చగా ఉన్నంత నిజాలే, కానీ మొదటిదానికి ఆమె లేచి ఉప్పు డబ్బా తెస్తుంది, మూడోదానికి లేచి లోపలికి వెళ్ళిపోతుంది. "ఈసారి చింతపండు ఇంకొంచెం వేద్దామా" అంటే ఆ వేద్దాములో నువ్వు కూడా ఉన్నావు. అందుకే అదీ, నలుగురి ముందు కాదు, ముద్ద నోట్లో ఉండగా కాదు, మర్నాడు కూరలు తరుగుతున్నప్పుడు ఆమె పక్కన నిలబడి అను.

మా నాన్న మాట తక్కువ మనిషి. అమ్మ వంట గురించి బాగుందనీ బాలేదనీ అనగా నేను వినలేదు. ఒకసారి బాగా జలుబు చేసి ముక్కు బిగుసుకుపోయి ఉంటే అమ్మ మిరియాల చారు పెట్టింది, ఇత్తడి గిన్నెలో, పైన కరివేపాకు తేలుతూ. ఆయన గ్లాసులో పోయించుకుని తాగి, గ్లాసు కింద పెట్టి, "మిరియం సరిగ్గా తగిలింది, పొద్దుటి నుంచి ఇప్పుడే ఊపిరి ఆడింది" అన్నారు. అంతే. సూపర్ అనలేదు, నీ చేతిలో అమృతం ఉంది అనలేదు. ఆ మాటని అమ్మ ఎన్నేళ్ళు దాచుకుందో, చుట్టాలొచ్చినా పక్కింటివాళ్ళొచ్చినా చారు ప్రస్తావన వస్తే చాలు అదే చెప్పేది. ఎందుకంటే ఆయన నిజంగా రుచి చూశాడని ఆ మాటలో తెలిసింది, ఆ చారు తనకోసం పెట్టిందని గమనించాడని తెలిసింది. బాగుంది బాగుంది అని ఫోన్ చూసుకుంటూ రోజూ అనే మాటకి ఆ బరువు ఎక్కడిది? అసలు ఏమీ అనడం రాకపోతే "ఇంకొంచెం వెయ్యి" అని కంచం ముందుకి జరిపినా చాలు తమ్ముడూ, మారు అడగడాన్ని మించిన మెచ్చుకోలు మన ఇళ్ళల్లో లేదు.

సారీ ఎందుకు పనిచెయ్యలేదంటే, ఆమె దేనికి అని అడిగితే నువ్వు జవాబు చెప్పలేదు కాబట్టి. ఆమె నిజంగానే అడిగింది, వెటకారం కాదు. నువ్వన్న మాట నీ నోటితోనే మళ్ళీ చెప్పు. "రోజంతా ఇంట్లోనే కదా ఉండేది అన్నాను, అక్కా బావా ముందు అన్నాను, అది తప్పు, నువ్వు పొద్దున్నుంచి పడుతున్నది నాకు కనబడుతూనే ఉంది, అయినా అలా అన్నాను" అని. ఏమన్నా అని ఉంటే, నువ్వు ఫీలయ్యుంటే లాంటివి వద్దు, అవి క్షమాపణ వేషంలో ఉన్న సాకులు. "కానీ", "సరదాకి అన్నాను" అనే తోకలు కూడా తగిలించకు. ఇంకొకటి, ఇది నీకు కష్టంగా ఉంటుంది కానీ చెయ్యక తప్పదు. నలుగురిలో అన్నమాట నాలుగు గోడల మధ్య వెనక్కి రాదు. మీ అక్కకి ఫోన్ చేసి, నీ భార్య వినేలాగే, ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది అక్కా అని ఒక్క ముక్క చెప్పు.

బిర్యానీ సంగతి కూడా అర్థమైందా? నువ్వు రాజీకి తెచ్చావు, ఆమెకి మాత్రం "నీ వంట వద్దు" అని వినబడింది.

అమ్మకి ఫోన్ చెయ్యమన్నావు కదా, ఇప్పుడు నువ్వు చెయ్యి. ఎలా చేస్తావమ్మా అని అడిగి కాగితం మీద రాసుకుని వచ్చే ఆదివారం నువ్వే వండు, పాపని కూడా కాసేపు నువ్వే చూసుకుంటూ, అప్పుడు తెలుస్తుంది. నాకు తెలిసిన పద్ధతి చెప్తాను. చిన్న కప్పు కందిపప్పు కడిగి అరగంట నానబెట్టి, పసుపు, చుక్క నూనె వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించు. చింతపండు ముందే వెయ్యకు, పులుపు తగిలితే పప్పు గట్టిబడి ఎంతకీ ఉడకదు, చాలామంది కొత్తలో ఇక్కడే దెబ్బతింటారు. వేరే గిన్నెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ములక్కాడ ముక్కలు ఉప్పు నీళ్ళలో ఉడికాక అప్పుడు చింతపండు రసం పొయ్యి. పప్పుని పప్పుగుత్తితో బాగా మెదిపి అందులో కలుపు, పలుకులు మిగిలితే నీళ్ళు పైకి తేలి నువ్వన్న పసుపు నీళ్ళే అవుతుంది. నాలుగు పొంగులు రానిచ్చి పోపు పెట్టు. ఆవాలు చిటపటలాడాకే మెంతులు, అవీ నాలుగు గింజలే, మాడితే చారంతా చేదెక్కుతుంది. జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, చివర్న ఇంగువ వేడి నూనెలోనే పడాలి, చారులో నేరుగా వేస్తే పచ్చి వాసన వస్తుంది. మీ అమ్మ చారు రంగు వేరుగా ఉంటుందంటావా, పాత చింతపండు నల్లగా ఉంటుంది, కొత్తది ఎర్రగా ఉంటుంది, నీళ్ళు మారినా పప్పు ఉడికే తీరు మారుతుంది. ఇవేవీ ఆమె చేతకానితనం కావు.

ఇంకో సంగతి, త్వరగా చెప్పేస్తాను. రెండేళ్ళ పాప తల్లి, మూడు వారాల మౌనం. కోపమే అయితే పైన చెప్పినవాటితో కరుగుతుంది. నిద్ర లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, పాప మీద కూడా ఆసక్తి తగ్గడం లాంటివి కనబడితే మాత్రం చారు గొడవ అనుకుని కూర్చోకు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు, లేదా మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ఆదివారం చారు నువ్వే వడ్డించు, ఎలా ఉంది అని వెంటపడి అడగకు. ఆమె ఉప్పెక్కువైంది అంటుందో, ఏమీ అనకుండా తింటుందో, ఏమన్నా సరే అవునని ఊరుకో, తిన్నాక గిన్నెలు కూడా నువ్వే కడుగు. ఆ పూట ఆమె ఏమందో నాకు రాయి.